మెదడు కణితి ఆపరేషన్‌లో రంగు వెలుగు: ఎంతవరకు నమ్మాలి?

యాంకర్: గ్లయోబ్లాస్టోమా అనే ప్రమాదకరమైన మెదడు కణితి అంచు సర్జన్ కంటికి ఎందుకు దొరకదు డాక్టర్ గారూ?

న్యూరోసర్జన్: తెల్ల లైటు కింద కణితి అంచూ, పక్కన వాచిన మెదడూ దాదాపు ఒకేలా కనిపిస్తాయండి. అందుకే 5-ఏఎల్‌ఏ అనే మందు తాగిస్తాం. కణితి కణాలు దాన్ని నీలి కాంతిలో ఎర్రగా మెరిసే ప్రోటోపార్ఫిరిన్‌గా మార్చి లోపలే పోగేసుకుంటాయి. మైక్రోస్కోప్‌లో 400 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతి వేస్తే కణితి గట్టి భాగంలో ముదురు ఎరుపు, అంచున లేత గులాబీ కనిపిస్తాయి. 2006లో వెలువడిన జర్మనీ ట్రయల్‌లో, ఎంఆర్‌ఐలో మెరిసిన భాగం పూర్తిగా తీయగలిగింది ఈ మందుతో 65 శాతం మందిలో, మామూలు లైటుతో 36 శాతం మందిలో. అయితే మొత్తం ఆయుష్షులో స్పష్టమైన తేడా తేలలేదు. ఇది రోగి కుటుంబానికి ముందే చెప్పాలి.

యాంకర్: మందు ఎప్పుడు, ఎంత ఇస్తారు మేడమ్?

మత్తు డాక్టర్: కిలోకి 20 మిల్లీగ్రాములు, మత్తు ఇవ్వడానికి సుమారు మూడు గంటల ముందు. సీసాలో 1.5 గ్రాముల పొడి ఉంటుంది, 50 మిల్లీలీటర్ల తాగునీళ్లలో కలపాలి. 60 కిలోల మనిషికి 1200 మిల్లీగ్రాములు, అంటే 40 మిల్లీలీటర్లు. మొత్తం సీసా తాగించేస్తే డోసు ఎక్కువైపోతుంది. పార్ఫీరియా (ఒంట్లో పార్ఫిరిన్లు పేరుకుపోయే జబ్బు) ఉన్నవాళ్లకు అసలు ఇవ్వకూడదు. తర్వాత కనీసం 24 గంటలు ఎండ, గట్టి లైట్లు తగలనివ్వకూడదు. అమెరికా సూచనల్లో అయితే 48 గంటలు. థియేటర్ లైటు నేరుగా చర్మం మీద పడకుండా కప్పి ఉంచడం మా బాధ్యతే.

యాంకర్: ఖరీదు సంగతి? ఫ్లోరెసిన్ అనే రంగు మందు చాలదా?

న్యూరోసర్జన్: ఫ్లోరెసిన్ చాలా చవక, కంటి డాక్టర్లు రెటీనా ఆంజియోగ్రఫీకి వాడేదే. కిలోకి 3 నుంచి 5 మిల్లీగ్రాములు నరంలోకి, పసుపు ఫిల్టర్‌తో చూస్తాం. కానీ అది కణాల్లోకి వెళ్లి నిలిచేది కాదు, రక్తనాళాల గోడ దెబ్బతిన్న చోటల్లా కారుతుంది. మనం కోసిన మెదడు కూడా కాసేపటికి పచ్చబడుతుంది. ఆ రంగు చూసి తీస్తూపోతే మంచి మెదడు పోతుంది.

మత్తు డాక్టర్: ఒక జాగ్రత్త. ఫ్లోరెసిన్ ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా) 10 శాతం, 20 శాతం రెండు రకాలుగా వస్తుంది. 300 మిల్లీగ్రాములంటే మొదటిదాంట్లో 3 మిల్లీలీటర్లు, రెండోదాంట్లో ఒకటిన్నరే. లేబుల్ చదవకుండా లాగకూడదు. అలర్జీకి అడ్రినలిన్ చేతికందేలా ఉండాలి.

యాంకర్: 5-ఏఎల్‌ఏ వెలగలేదంటే అక్కడ కణితి లేనట్టేనా?

న్యూరోసర్జన్: అనుకోకూడదు. పైన పల్చటి రక్తపు పొర ఉన్నా వెలుగు ఆగిపోతుంది, కడిగి మళ్లీ చూడాలి. కణితి తీసిన గోతి అంచు కిందికి ముడుచుకున్న చోట కాంతే పడదు. ఎక్కువసేపు లైటు పెడితే రంగు వెలిసిపోతుంది. కుళ్లిన మధ్యభాగం వెలగదు, తక్కువ గ్రేడ్ గ్లయోమాలు (నెమ్మదిగా పెరిగే మెదడు కణితులు) చాలావరకు వెలగవు. తిరగబెట్టిన కేసుల్లో రేడియేషన్ దెబ్బతిన్న కణజాలం కూడా గులాబీగా కనిపించవచ్చు.

యాంకర్: మరి గులాబీగా ఉన్నదంతా తీసేస్తారా?

న్యూరోసర్జన్: చేయి, కాలు కదిలించే నరాల దారి దగ్గర రంగుదే చివరి మాట కాదండి. నరాలకు చిన్న కరెంట్ ఇచ్చి చూసే మోనోపోలార్ స్టిమ్యులేటర్‌తో కరెంట్ తగ్గించుకుంటూ వెళ్తాం. మిల్లీఆంప్‌కి సుమారు ఒక మిల్లీమీటర్ లెక్క. 3 మిల్లీఆంప్‌లకే చేయి కదిలిందంటే ఆ దారి 3 మిల్లీమీటర్ల దూరంలోనే ఉన్నట్టు. గులాబీ ఇంకా మిగిలి ఉన్నా అక్కడ ఆపేసి, మిగతాది రేడియేషన్, కీమోలకు వదిలేస్తాం.