గంజాయి గింజ, గసగసాల గింజ

శ్రోతలకు నమస్కారం.

గంజాయి వనంలో తులసి మొక్క అని మనం తరచూ అంటూ ఉంటాం. ఆ మాటలో జాలి అంతా తులసి మీదే. పాపం, గంజాయి మొక్క గురించి ఎవరూ ఒక్క మంచి మాట అనరు. ఉత్తరాఖండ్‌లోని కుమావూన్ కొండల్లో అనేవాళ్లున్నారు. అంతటితో ఆగక పచ్చడి చేసుకుని తింటారు కూడా.

ఒక చలికాలం అల్మోరా దగ్గర ఒక ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. రాగి రొట్టె పక్కన బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగులో ఒక ముద్ద వడ్డించారు. నువ్వుల పచ్చడి అనుకుని రొట్టె ముంచాను. ‘‘భాంగ్ చట్నీ’’ అంది ఆ ఇంటి పెద్దావిడ. అక్కడ అమ్మమ్మను, నాయనమ్మను ఆమా అంటారు. నా చేయి గాల్లోనే ఆగిపోయింది. ఆమా పకపకా నవ్వి, ‘‘ఆకు వేరు, గింజ వేరు బేటా, తిను’’ అంది.

మర్నాడు వంటింట్లో ఆమా పక్కనే కూర్చుని చూశాను. గింజ ధనియం కన్నా చిన్నది, గుండ్రంగా, బూడిద రంగు పెంకు మీద సన్నని గీతలతో ఉంటుంది. ఇనుప మూకుడులో నూనె చుక్క లేకుండా వేయిస్తే కాసేపటికి చిటపటలాడుతుంది. నువ్వులూ వేరుశనగలూ కలిపి వేయించినట్టు వాసన వస్తుంది. మాడితే చేదు. దించి రాతి మీద పచ్చిమిరప, కొత్తిమీర, ఉప్పు వేసి నూరి, నిమ్మరసం పిండాలి. పెంకు గట్టిది కాబట్టి ఓపికగా నూరాలి, లేకపోతే పంటి కింద ఇసుకలా తగులుతుంది. చేమగడ్డ కూరకైతే నీళ్లు పోసి నూరి, గుడ్డలో వడగట్టి, కొబ్బరిపాలలా ఆ తెల్లటి రసం పోస్తారు. ఎండ కాచే చలికాలపు మధ్యాహ్నాల్లో ఆడవాళ్లంతా డాబా మీద చేరి, పెద్ద కొండ నిమ్మకాయ తొనలను పెరుగు, ముల్లంగి, బెల్లం, ఈ గింజల ముద్దతో కలుపుకుని తింటారు. పులుపు, తీపి, కారం ఒకేసారి నాలుకను పట్టుకుంటాయి. ఆ గిన్నె దగ్గర నుంచి నేను చివరగా లేచాను.

మత్తు ఎక్కలేదా అని అడుగుతారేమో. మన మసాలాలో గసగసాలు వేసుకుంటున్నాం కదా! నల్లమందు వచ్చే మొక్క గింజలవి. వాటిని చూసి ఏ ఇంట్లోనూ ఎవరూ ఉలిక్కిపడరు. ఇదీ అంతే. మత్తు పదార్థం ఊరేది పూత దగ్గరి జిగురులో, కొంత ఆకులో. గింజ లోపల తయారు కాదు, పైన అంటుకుంటే అంటుకోవచ్చు. అందుకే 2021లో ఈ గింజను, దాని నూనెను, పిండిని ఆహారంగా అనుమతిస్తూనే, మన ఆహార భద్రతా సంస్థ ఆ మత్తు పదార్థానికి పరిమితి కూడా విధించింది. కిలో గింజల్లో 5 మిల్లీగ్రాములు దాటకూడదు.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా ఆమా మాటే చెబుతుంది. పూత కొనలు గంజాయి, జిగురు చరస్. ఈ రెండూ నేరమే, వంటలో కలిపినా సరే. పూత కొనలు లేని ఆకు, గింజ మాత్రం గంజాయి నిర్వచనంలోకి రావు. ఆకుతో చేసే భంగు సంగతి రాష్ట్రాలకు వదిలేశారు. బనారస్‌లో లైసెన్సు ఉన్న భంగు దుకాణాలు కనిపించేది అందుకే.

భంగును పాలు, బాదం కలిపిన ఠండాయిలో ఇవ్వడం రుచి కోసమే కాదు. ఆ మత్తు పదార్థం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. పొగ అయితే నిమిషాల్లో తెలుస్తుంది. తిన్నది కడుపు దాటి కాలేయానికి చేరాలి, అక్కడ అది ఇంకా గట్టిగా పనిచేసే రూపంలోకి మారాలి. దీనికి అరగంట పట్టవచ్చు, రెండు గంటలూ పట్టవచ్చు. ‘‘ఏమీ కాలేదే’’ అని రెండో గ్లాసు ఎత్తిన వాళ్లే హోలీ సాయంత్రం గుండె దడతో, భయంతో వణుకుతూ ఆసుపత్రికి చేరేది.

అమెరికాలోని కొలరాడోలో 2014లో దుకాణాల్లో గంజాయి అమ్మకాలు మొదలయ్యాక ఇదే తంతు జరిగింది. కొత్తవాళ్లు గంజాయి కలిపిన చాక్లెట్ ముక్క తిని, కాసేపు చూసి, మిగతాదీ తినేశారు. అక్కడ ఒక మోతాదుకు 10 మిల్లీగ్రాములు హద్దు. 2019లో ఇలాంటి తినుబండారాలకు అనుమతిచ్చిన కెనడా అయితే పొట్లం మొత్తానికే 10 అంది. ఆ దేశాల్లో మన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఒకే ఫ్రిజ్ వాడుకుంటూ ఉంటారు. అందులో ఎవరో పెట్టిన ఇలాంటి తినుబండారం చూడటానికి మామూలు బిస్కెట్టులాగే ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అది తాళం వేసిన పెట్టెలో ఉండాల్సిన వస్తువు.

తిరిగి వస్తుంటే ఆమా వేయించిన గింజలు ఒక పొట్లం కట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి పచ్చడి నూరాను. అవేం గింజలో అమ్మకు ముందే చెప్పాను. అనుమానంగానే జొన్నరొట్టె ముక్కతో నాలుకకు రాసుకుంది. కాసేపు చప్పరించి, ‘‘రెండు వెల్లుల్లి రెబ్బలు వేయాల్సింది’’ అంది.