లాఠీఛార్జికి ఆర్డర్ ఇచ్చిందెవరు? ఆ పేరు కాగితం మీద రాబట్టడం ఎలా

నమస్తే అండి. బషీర్‌బాగ్ అనగానే ఒక వయసు దాటినవాళ్లకి 2000 ఆగస్టు 28 గుర్తొస్తుంది. కరెంటు ఛార్జీలు తగ్గించమని అసెంబ్లీ వైపు బయల్దేరినవాళ్ల మీద కాల్పులు జరిగాయి, ముగ్గురు పోయారు. 2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో, భూమి కోసం వామపక్షాలు బంద్ చేసిన రోజున ఏడుగురు. కాల్చమన్నది ఎవరు అని అడిగితే చాలామంది అప్పటి ముఖ్యమంత్రి పేరు చెబుతారు. సరే, రాజకీయంగా అది నిజమే అనుకుందాం. కానీ ఆ రోజు ఆ రోడ్డు మీద నిలబడి నోటితో ఆర్డర్ ఇచ్చిన అధికారి ఎవరు? మనలో ఎంతమంది చెప్పగలం?

ఈ వీడియో ఆ పేరు గురించే. మీ ఊళ్లో ధర్నా మీద లాఠీ పడితే, పడమన్నది ఎవరో రికార్డులోకి ఎలా తెప్పించాలి అన్నది చూద్దాం.

ముందు చట్టం కొంచెం. భయపడకండి, ముందుగా ఒకే ఒక్క సెక్షన్. భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే పోలీసులు, కోర్టులు నేరాల కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ బదులు వచ్చింది, అందులో సెక్షన్ 148. పాతదాంట్లో ఇది 129. గుంపుని చెదిరిపొమ్మని ఆజ్ఞ ఇవ్వగలిగేది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, లేదా ఆ స్టేషన్ ఆఫీసర్, ఆయన లేకపోతే ఎస్ఐకి తక్కువ కాని పోలీసు అధికారి. చెప్పినా కదలకపోతేనో, కదిలేది లేదని వాళ్ల తీరే చెబుతుంటేనో బలప్రయోగం. అంటే 'పైనుంచి ఆర్డర్' అనే మాట చట్టంలో లేదు. ఆర్డర్ ఉంటే దానికొక మనిషి ఉంటాడు. హోదా ఉంటుంది, టైము ఉంటుంది.

'144 పెట్టాం' అంటారు కదా, ఈ కొత్త సంహితలో అది 163. అది కూడా ఎవరో సంతకం చేసిన కాగితమే. జిల్లాల్లో కలెక్టరో, ఆర్డీవోనో, తహసీల్దారో చేస్తారు. హైదరాబాద్, విజయవాడ లాంటి కమిషనరేట్లలో కమిషనరే చేస్తారు. మామూలుగా రెండు నెలలకు మించి నడవదు. ఆ ఆర్డర్‌లో కారణాలు రాయాలని, జనానికి తెలిసేలా ప్రకటించాలని 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రలో ఎక్కువగా వినపడే 'సెక్షన్ 30' 1861 నాటి పోలీసు చట్టంలోది. దాని పేరు చెప్పి రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట వేస్తూ 2023 జనవరిలో జీవో నంబర్ 1 వచ్చింది, అదే ఏడాది మే 12న హైకోర్టు కొట్టేసింది. కాబట్టి ఎవరైనా సెక్షన్ నంబర్ చెప్పగానే తలూపకండి, కాపీ అడగండి.

ఇప్పుడు అసలు పని. దెబ్బ తగిలిన రోజున మొదట వెళ్లాల్సింది స్టేషన్‌కి కాదు, సర్కారు ఆసుపత్రికి. నా స్నేహితుడొకడికి ఒక చిన్న ఊళ్లో ధర్నా దగ్గర మోచెయ్యి వాచిపోయింది. ఓపీ చీటీ మీద 'జారి పడ్డాడు' అని రాసేశారు. వీడేమో నొప్పిలో చూసుకోలేదు. ఏడాది తర్వాత కూడా ఆ రెండు మాటలే వాడికి అడ్డం. అందుకే డాక్టరుగారికి స్పష్టంగా చెప్పండి: ఫలానా చోట, ఫలానా టైముకి, పోలీసు లాఠీ తగిలింది. ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసుకి పనికొచ్చేలా గాయాన్ని నమోదు చేసే మెడికో లీగల్ కేసు, చేయమని అడగండి, ఆ నంబర్ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అరెస్టు చేసి తీసుకెళ్లిన వాళ్లయితే అదే సంహిత సెక్షన్ 53 ప్రకారం వైద్య పరీక్ష చేయించాలి, రిపోర్టు కాపీ మనకివ్వాలి. అడగకపోతే చాలాసార్లు ఇవ్వరు.

వీడియోల సంగతి. వాట్సాప్‌లో తిరిగే క్లిప్పు జనానికి పనికొస్తుంది, కోర్టుకి అంతగా కాదు. తీసిన ఫోన్‌లో ఒరిజినల్ ఫైల్ అలాగే ఉంచండి, ఎడిట్ చేయొద్దు, పాటలు అసలే కలపొద్దు. కోర్టులో ఇవ్వాలంటే కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. ఇంకో మాట, కొంతమందికి నచ్చదేమో. మనవైపు నుంచి రాయి పడి ఉంటే ఆ వీడియో కూడా దాచొద్దు. 2011 జూన్‌లో ఢిల్లీ రాంలీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రపోతున్న జనాన్ని పోలీసులు తరిమారు. 2012లో సుప్రీంకోర్టు పోలీసులది తప్పంది, ఆ గొడవలో గాయపడి తర్వాత చనిపోయిన ఒకామె వారసులకు 5 లక్షల పరిహారం ఇమ్మంది. అందులో 25 శాతం మాత్రం నిర్వాహకులు కట్టాలని కూడా చెప్పింది. మన తప్పు మనమే ముందు చెప్పుకుంటే లాయరుకి కేసు నడపడం తేలిక.

తర్వాత ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. నా లెక్కలో అన్నిటికంటే పదునైనది ఇదే, ఖర్చు 10 రూపాయలు. ఎస్పీ లేదా కమిషనర్ ఆఫీసులోని ప్రజా సమాచార అధికారికి రాయండి. 'లాఠీఛార్జి ఎందుకు చేశారు' అని రాయొద్దు. ఎందుకు అంటే జవాబు రాదు, కాగితాలు అడిగితే వస్తుంది. నేను రాసేది ఇలా ఉంటుంది, స్క్రీన్ మీద చూడండి:

'ఫలానా తేదీన ఫలానా కూడలి వద్ద బందోబస్తుకు ఇచ్చిన డ్యూటీ ఆర్డర్ కాపీ. ఆ రోజు స్టేషన్ జనరల్ డైరీలో ఈ ఘటనకు సంబంధించిన ఎంట్రీలు. గుంపును చెదిరిపొమ్మని ఆజ్ఞ ఇచ్చిన అధికారి పేరు, హోదా, సమయం నమోదైన రికార్డు. జారీ చేసిన, వాడిన బాష్పవాయు గోళాల లెక్క. అమల్లో ఉన్న నిషేధాజ్ఞల కాపీ.'

30 రోజుల్లో జవాబివ్వాలి. 'దర్యాప్తులో ఉంది, ఇవ్వం' అంటారు, దాదాపు ప్రతిసారీ. దర్యాప్తు ఉందంటే సరిపోదు, సమాచారం ఇస్తే దానికి ఎలా అడ్డమో చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే భగత్ సింగ్ కేసులో అంది. ఆ మాట మొదటి అప్పీలులో, అంటే అదే ఆఫీసులో పై అధికారికి పెట్టుకునే అర్జీలో, రాయండి. స్టేషన్‌లో కొట్టారన్న ఆరోపణ ఉంటే, సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని అదే వారంలో వేరే అర్జీ పెట్టండి. 18 నెలలు దాచాలని, వీలు కాని చోట కనీసం ఏడాదైనా ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. అయినా ఆలస్యం చేస్తే 'కెమెరా పనిచేయలేదు' అనే జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఇక ఫిర్యాదు. ఆ రాత్రికే మీ మీద కేసు కట్టేసి, పొద్దున బైండోవర్, అంటే ఇక గొడవ చేయనని పూచీకత్తు రాసివ్వమని, అంటారు. అది చూసి మన ఫిర్యాదు ఆపుకోనక్కర్లేదు. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే సంహిత సెక్షన్ 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్ పోస్టు. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి. ఇక్కడొక గుంట ఉంది, చూసి నడవాలి. గుంపుని చెదరగొట్టే డ్యూటీలో చేసిన పనికి ప్రాసిక్యూషన్ చేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని సెక్షన్ 151 అంటుంది. అందుకే ఫిర్యాదులో 'కొట్టారు' అని ఊరుకోకుండా, హెచ్చరిక వినిపించలేదు, కింద పడిపోయాక కూడా కొట్టారు, పారిపోతుంటే వెంటపడ్డారు, ఇలా డ్యూటీ గీత దాటిన పనులు విడివిడిగా రాయండి.

మానవ హక్కుల కమిషన్‌కి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. తెలంగాణవాళ్లకి హైదరాబాద్, ఆంధ్రవాళ్లకి కర్నూలు. ఘటన జరిగి ఏడాది దాటితే మాత్రం తీసుకోరు. పోలీసుల మీద ఫిర్యాదులకు ప్రతి రాష్ట్రంలో, జిల్లాలో విడిగా అథారిటీ పెట్టమని ప్రకాష్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఆదేశించింది. నిజం చెప్పాలంటే నేను దాని మీద పెద్ద ఆశ పెట్టుకోను. ఒక కాపీ అక్కడికీ పంపి రసీదు దాచుకోండి, హైకోర్టులో రిట్ వేసే రోజున ఆ రసీదు అక్కరకొస్తుంది. లాయరు ఫీజు కష్టమైతే 15100కి ఫోన్ చేయండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి కలుపుతారు.

అర్జీల నమూనాలు కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. తేదీ, చోటు మీరు నింపుకోండి. పోస్టు చేసే ముందు రెండు జిరాక్సులు తీయించండి, ఒకటి మాత్రం ధర్నాకి రాని మనిషి ఇంట్లో ఉంచండి.