నోరు విప్పాల్సింది కౌంటర్ దగ్గరే

(హైదరాబాద్‌లో జరిగిన కమ్యూనిటీ ఫార్మసిస్టుల జాతీయ సదస్సు, తెలుగు సెషన్‌లో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

పొద్దున్నుంచి పెద్ద హాల్లో మార్జిన్ల గురించి, సాఫ్ట్‌వేర్ల గురించి, ఆన్‌లైన్ వాళ్ళిచ్చే డిస్కౌంట్ల గురించి చాలా విన్నాం. అవన్నీ అవసరమే, నేనూ మలక్‌పేటలో షాపు నడిపేవాడినే, నాకూ నెల తిరిగేసరికి అద్దె, కరెంటు బిల్లు, కుర్రాళ్ళ జీతాలు ఉంటాయి. కానీ ఇక్కడ నాకిచ్చిన టైమంతా ఒక్క విషయానికే వాడుకుంటాను. మందు చేతికిచ్చేటప్పుడు మనం పేషెంటుతో మాట్లాడటం లేదు. మాట్లాడితే ఆగిపోయే ప్రమాదాలు, మాట్లాడకపోవడం వల్లే జరుగుతున్నాయి.

సాయంత్రం ఏడు నుంచి పది దాకా మన షాపుల ముందు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు, క్లినిక్ నుంచి చీటీతో నేరుగా వచ్చేవాళ్ళు, బండి ఆపకుండానే "అన్నా, ఒక గ్యాస్ గోలీ షీట్" అని అడిగేవాళ్ళు. మనం చీటీ చూసి, ర్యాక్‌లోంచి తీసి, కత్తిరించి, కవర్లో వేసి, బిల్లు కొట్టి, చిల్లర వెతుకుతూ "పొద్దున ఒకటి రాత్రి ఒకటి, తిన్నాక" అనేస్తాం. ఆ మాట అనేటప్పుడు మన కళ్ళు క్యాష్ డబ్బాలో ఉంటాయి, ఆయన కళ్ళు రోడ్డు మీద బండి మీద ఉంటాయి. ఆయన తలూపాడంటే అర్థమైందని కాదు, వెళ్ళాలనుకుంటున్నాడని.

కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ అనే మందు సంగతి చెప్తాను, ఎందుకంటే ఇది నా కళ్ళ ముందు జరిగింది. ఒకావిడ నోట్లో పుళ్ళు, తినలేకపోతున్నాను, బీ కాంప్లెక్స్ ఇవ్వండి, పూసుకోవడానికి జెల్ ఏదైనా ఉంటే ఇవ్వండి అని వచ్చింది. "ఇంకేం మందులు వాడుతున్నావమ్మా" అని అడిగితే, కీళ్ళవాతానికి అని సంచిలోంచి రెండు షీట్లు తీసింది. ఒకటి మెథోట్రెక్సేట్, ఇంకోటి దానితోపాటు ఇచ్చే విటమిన్, ఫోలిక్ యాసిడ్. రెండూ పసుపు రంగు చిన్న గోలీలే. డాక్టర్ చీటీలో మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి అని స్పష్టంగానే ఉంది. కానీ అంతకుముందు మందు తీసుకున్న చోట "రోజుకొకటి" అని చెప్పి పంపారట, ఆమె పదిరోజులు పైగా రోజూ మింగింది. ఇది మన లైన్లో అందరికీ తెలిసిన ప్రమాదమే. వారానికి ఒకసారి వేసుకోవాల్సిన ఆ మందు రోజూ పడితే ఎముక మూలుగ దెబ్బతింటుంది, రక్తకణాలు పడిపోతాయి, నోటి పుళ్ళు దానికి ముందస్తు గుర్తు, ఆలస్యమైతే ప్రాణాలే పోతాయి. వాళ్ళబ్బాయికి ఫోన్ చేయించి, ఆ షీట్లూ చీటీ చేతికిచ్చి, జెల్ సంగతి వదిలేయండి, ఇప్పుడే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి అని పంపాను. అడ్మిట్ చేశారు, విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, కోలుకుంది. ఆ రోజు ఎవరైనా బీ కాంప్లెక్స్ షీట్ ఇచ్చి పంపేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

అప్పటి నుంచి మా షాపులో మెథోట్రెక్సేట్ షీట్ మీద నల్ల మార్కర్‌తో "ఆదివారం మాత్రమే" అనో, పేషెంటు ఏ రోజు చెప్తే ఆ రోజు పేరో తెలుగులో రాయకుండా బయటికి పోదు. ఉర్దూ చదివేవాళ్ళకి ఉర్దూలో రాస్తాం. ఫోలిక్ యాసిడ్‌ని వేరే కవర్లో పెడతాం. రాసిన తర్వాత "ఇంటికెళ్ళాక మీ కోడలికి ఎలా చెప్తారో నాకు ఒకసారి చెప్పండి" అని అడుగుతాం. ఈ ఒక్క ప్రశ్న మీరు ఇక్కడి నుంచి తీసుకెళ్ళినా నాకు చాలు. "అర్థమైందా" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. తిరిగి చెప్పమంటే అసలు సంగతి బయటపడుతుంది.

ఈ మెథోట్రెక్సేట్ మన తెలుగువాడి చేతి మీదుగా వచ్చిన మందు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో నడిపిన బృందం, 1940ల్లో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేస్తూ దాన్ని అడ్డుకునే మందుల దాకా వెళ్ళింది, అందులోదే ఇది. అంత పెద్ద మనిషి బృందం ఇచ్చిన మందు, మన కౌంటర్ మీద ఒక్క మాట తప్పడం వల్ల విషం కాకూడదు. ఆయన 1948లో చనిపోయారు. అదే ఏడాది మన దేశంలో ఫార్మసీ చట్టం వచ్చింది.

ఆ చట్టం 42వ సెక్షన్ మీ అందరికీ కంఠతా వచ్చే ఉంటుంది. డాక్టర్ చీటీ మీద మందు ఇచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్టుదే. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు కూడా ఫార్మసిస్టు స్వయంగానో, ఆయన కళ్ళెదుటో ఇవ్వాలంటుంది. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ఇంకో అడుగు ముందుకేసి, పేషెంటుకి ఏమేం చెప్పాలో కూడా రాశాయి. డోసు, ఎన్నాళ్ళు వాడాలి, ఎలా దాచాలి, సాధారణంగా వచ్చే ఇబ్బందులేమిటి, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. మరి ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎన్ని షాపుల్లో గోడకి సర్టిఫికెట్ ఒకరిది వేలాడుతోంది, కౌంటర్లో ఇంకొకరు నిలబడుతున్నారు? నెలకింత అని సర్టిఫికెట్ అద్దెకిచ్చి, తాను ఇంకెక్కడో ఉద్యోగం చేసుకునే ఫార్మసిస్టు మన వృత్తికి చేస్తున్న నష్టం ఆన్‌లైన్ కంపెనీలు చేసే నష్టం కంటే పెద్దది. ఈ మాట కొందరికి బాధ కలిగిస్తుందని తెలుసు. అయినా ఈ వేదిక మీద కాకపోతే ఇంకెక్కడ అనాలి? అద్దెకిచ్చిన సర్టిఫికెట్ పేషెంటు సంచిలో ఇంకేం మందులున్నాయో అడగదు కదా.

చెప్పాల్సినవి పెద్ద పెద్ద విషయాలు కూడా కావు. ఆస్తమాకి ఇచ్చే రోటాక్యాప్ అనే పొడి క్యాప్సూల్‌ని పరికరంలో పెట్టి పీల్చకుండా నీళ్ళతో మింగేసేవాళ్ళు ఉన్నారు, పైకి చూస్తే అది గోలీ లాగే ఉంటుంది మరి, వాళ్ళ తప్పేముంది. డబ్బా ఇచ్చేటప్పుడు ఖాళీ పరికరంతో ఒకసారి పీల్చి చూపించమంటే తేలిపోతుంది. పిల్లల డ్రై సిరప్ కొన్న తల్లికి, కాచి చల్లార్చిన నీళ్ళు సీసా మీద గీత దాకా పోయాలని, కలిపాక ఎన్ని రోజుల్లో వాడేయాలో లేబుల్ మీద చూసుకోమని, మిగిలింది తర్వాతి జ్వరానికి దాచొద్దని చెప్పాలి. ఇన్సులిన్ తీసుకెళ్ళేవాళ్ళకి ఫ్రీజర్‌లో పెట్టొద్దని, గడ్డకట్టి కరిగింది పనికిరాదని చెప్పాలి. మే నెలలో మన హైదరాబాద్ ఎండకి బండి డిక్కీలో పెట్టుకుని ఊరంతా తిరిగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఫ్రిజ్ లేని ఇల్లైతే తడి మట్టికుండ నీడలో పెట్టి అందులో దాచుకోవచ్చు, నీళ్ళు తగలకుండా కవర్లో చుట్టి.

టీబీ మందుల దగ్గర కొంచెం ఆగుతాను. రిఫాంపిసిన్ అనే టీబీ మందు వేసుకుంటున్నన్నాళ్ళూ మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. ముందు చెప్పకపోతే రక్తం పోతోందనుకుని భయపడి గోలీలు ఆపేస్తారు. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు, మధ్యలో వదిలేస్తే మందుకి లొంగని టీబీ వస్తుంది, అది ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటుంది. "రంగు మారుతుంది, భయపడకు బిడ్డా, కళ్ళు పచ్చబడితే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి పో" అన్న ఈ ఒక్క మాట ఆ ఆరు నెలల్ని నిలబెడుతుంది. 2018 నుంచి టీబీ మందులు అమ్మే షాపులు కూడా ఆ పేషెంటు వివరాలు ప్రభుత్వానికి తెలపాలి. చాలామంది దాన్ని కాగితం పనిగా చూస్తున్నారు. వివరాలు రాసుకునే ఆ ఐదు నిమిషాలే మాట్లాడటానికి దొరికే ఐదు నిమిషాలు.

మన ఊరికి సంబంధించిన ఇంకో మాట. రంజాన్. పాతబస్తీలో, మా మలక్‌పేటలో షుగరున్న పెద్దవాళ్ళు ఎంతమంది రోజా ఉంటారో మీకు తెలుసు. ఉండొద్దని చెప్పడం మన పని కాదు, చెప్పినా వినరు, వినాల్సిన అవసరమూ లేదు. మన పని ఏమిటంటే, రంజాన్‌కి నెలన్నర రెండు నెలల ముందే, నెలవారీ మందులకి వచ్చినప్పుడే, "భాయ్‌సాబ్, ఈసారి రోజా ఉంటున్నారా? ఒకసారి డాక్టర్‌ని కలిసి డోసు, టైము మార్పించుకోండి" అని గుర్తుచేయడం. షుగరుని బాగా దించే గోలీలు తెల్లవారకముందు తినే సహరీలో ఎప్పటిలాగే వేసేసుకుని పగలంతా ఏమీ తినకపోతే మధ్యాహ్నానికి చెమటలు, వణుకు మొదలవుతాయి. వేలి మీద సూదితో షుగర్ చూసుకుంటే రోజా పోతుందేమో అని చాలామందికి అనుమానం, అందుకే చూసుకోరు. పరీక్ష వల్ల రోజా పోదని, 70 కంటే దిగినా 300 దాటినా ఆ రోజుకి రోజా విరమించాలని, మతపెద్దలతో కలిసి తయారుచేసిన వైద్య మార్గదర్శకాలే చెప్తున్నాయి. మా గల్లీలో మసీదు పెద్దాయన ఒకరు ఈ విషయం తానే చెప్పడం మొదలుపెట్టాక, నేను చెప్పినదానికంటే పదింతలు పనిచేసింది. వాళ్ళని కలుపుకోండి.

యాంటీబయాటిక్స్ గురించి పొద్దున వేరే వక్త వివరంగా చెప్పారు కాబట్టి నేను ఎక్కువ తీసుకోను. 2014 మార్చి 1 నుంచి హెచ్1 షెడ్యూల్ ఉంది, అంటే చీటీ లేకుండా అమ్మకూడని కొన్ని మందుల జాబితా, వాటికి రిజిస్టర్‌లో డాక్టర్ పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చామో రాసి మూడేళ్ళు దాచాలి. రాస్తున్నాం, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే చూపిస్తున్నాం. కానీ "జలుబుకి మూడు అజిత్రో గోలీలు ఇయ్యన్నా" అని వచ్చినవాడికి లేదు అని ఊరుకుంటే పక్క షాపుకి పోతాడు. జలుబుకి ఆ యాంటీబయాటిక్ పనిచేయదని, డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని షీట్ మీదున్న ఎర్రగీత చూపించి, ఆవిరి పట్టమని, మూడో రోజుకీ జ్వరం తగ్గకపోతే బస్తీ దవాఖానాకి వెళ్ళమని, అక్కడ చూపించుకోవడానికి డబ్బులక్కర్లేదని చెప్తే, చాలామంది వింటారు. అందరూ వినరు. వినేవాళ్ళ కోసమైనా చెప్పాలి.

మనవాళ్ళు వెంటనే అడిగే ప్రశ్న నాకు తెలుసు: రష్‌లో టైమెక్కడిది? నిజమే. అందరికీ ఐదు నిమిషాలు ఇవ్వలేం, ఇవ్వక్కర్లేదు కూడా. బీపీ గోలీ ఏళ్ళుగా వాడేవాడికి కొత్తగా చెప్పేదేముంది. కొత్త మందు మొదలైనవాళ్ళు, ఐదారు రకాలు ఒకేసారి వాడే ముసలివాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లల తల్లులు, రక్తం పలచబడే మందులున్నవాళ్ళు, ఇన్‌హేలర్, ఇన్సులిన్, మెథోట్రెక్సేట్, టీబీ. వీళ్ళని గుర్తుపట్టి కాసేపు ఆపగలిగితే చాలు. మా షాపులో ఫ్రిజ్ పక్కన కర్టెన్ కట్టి ఒక ప్లాస్టిక్ స్టూలు వేశాం, అంతే. రోడ్డు మీదికి తెరిచి ఉన్న కౌంటర్ దగ్గర, వెనక నలుగురు వింటుండగా, ఏ ఆడపిల్ల గర్భనిరోధక మాత్ర గురించి నోరు తెరిచి అడుగుతుంది? మానసిక వైద్యుడి దగ్గర్నుంచి వచ్చిన కుర్రాడు, గోలీలు వేసుకుంటే నిద్రముంచుకొస్తోందని ఎలా చెప్తాడు? ఆ స్టూలు మీద కూర్చున్నాక చెప్తారు. డిస్కౌంట్‌లో మనం పెద్ద కంపెనీలని గెలవలేం, వాళ్ళు ఇరవై శాతం అంటే మనం పది దగ్గరే ఊపిరి ఆడక ఆగిపోతాం. ఈ స్టూలు వాళ్ళ యాప్‌లో లేదు.

సాయంత్రం తీర్మానాలు పెట్టే సెషన్‌లో నేను రెండు ప్రతిపాదనలు ఇస్తున్నాను. షాపులో ఇన్‌స్పెక్షన్ జరిగేటప్పుడు ర్యాకులు, ఫ్రిజ్, స్టాకుతో పాటు, పేషెంటుతో కూర్చుని మాట్లాడే చోటు షాపులో ఉందో లేదో కూడా చూడాలని ఒకటి. మెథోట్రెక్సేట్ షీట్ మీద "వారానికి ఒక్కసారి" అన్న మాట అమ్మే రాష్ట్రం భాషలో కంపెనీలే ముద్రించేలా కేంద్రాన్ని అడగాలని ఇంకోటి. రెండూ తెలుగులో, ఇంగ్లీషులో టైపు చేయించి తెచ్చాను. చదివి ఒప్పుకున్నవాళ్ళు భోజనాలయ్యాక రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గరికి రండి, ఒప్పుకోనివాళ్ళు కూడా రండి, ఎందుకు ఒప్పుకోవట్లేదో అక్కడే మాట్లాడుకుందాం.