పదేళ్లు నడిపాక కొనే బండి

అందరికీ నమస్కారం.

ఇక్కడికి వచ్చినవాళ్లలో కొత్తగా బండి నేర్చుకుంటున్నవాళ్లు లేరని నిర్వాహకులు ముందే చెప్పారు. కాబట్టి హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలి, క్లచ్ ఎలా వదలాలి లాంటి విషయాల జోలికి పోను. మీరంతా ఏళ్ల తరబడి నడిపినవాళ్లు. రెండో బండో మూడో బండో అమ్మి ఇంకోటి తీసుకుందామని చూస్తున్నవాళ్లు. మొదటి బండి కొనడం తేలిక. చేతిలో డబ్బెంత, కాలు నేలకు అందుతోందా అని చూసుకుంటే సరిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతి బండి దగ్గరే వస్తుంది. అప్పటికి మనం చాలా చూసి ఉంటాం. చూసినవన్నీ ఒకే బండిలో దొరకాలని ఆశపడతాం.

నేను 26 ఏళ్లుగా నడుపుతున్నాను. ఆరు బండ్లు మారాయి. ఐదోదాన్ని ఎంచుకోవడంలో పొరపాటు చేశాను. ముందు ఆ సంగతే చెబుతాను.

అది దూర ప్రయాణాల కోసం చేసిన పెద్ద అడ్వెంచర్ బండి. ట్యాంకు నిండితే 250 కిలోల పైమాటే. సీటు ఎత్తు 870 మిల్లీమీటర్లు. కూర్చుని చూస్తే మునివేళ్లు నేలకు ఆనాయి, చాలులే అనుకున్నాను. టెస్ట్ రైడ్ అంతా హైవే మీదే. రైలు పట్టాల మీద వెళ్తున్నంత నిలకడగా పోయింది. బండిలో ఏ లోపమూ లేదు, అది ఇప్పటికీ అంటాను.

కొన్న మూడో వారంలో ఒక సాయంత్రం కంకర పరిచిన స్థలంలో, ముందు చక్రం గోడవైపు ఉండేలా ఆపాను. నేల గోడవైపే కాస్త వాలుగా ఉందన్న సంగతి గమనించలేదు. తిరిగి బయల్దేరేటప్పుడు సీటు మీద కూర్చుని వెనక్కి నెట్టబోయాను. మునివేళ్ల ఆనికతో అంత బరువును ఎగువకు నెట్టడం ఎవరివల్లా కాదు. ఎడమ బూటు కింద కంకర జారింది. బండి ఒరగడం మొదలుపెట్టింది. ఆపగలననే అనిపించింది మొదట. ఆ వెంటనే తొడ వణికింది. చివరికి చేతులు వదిలేసి పక్కకు తప్పుకున్నాను. క్లచ్ లీవర్ చివర విరిగి కంకరలో పడింది. ట్యాంకు మూత దగ్గర పెట్రోలు తడి. నాకు దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి ఎక్కడ ఆపాలన్నా ముందు నేలవంకే చూసేవాణ్ని. మట్టి దారి కనిపిస్తే అక్కడ వెనక్కి తిప్పుకోవడానికి చోటుంటుందో లేదోనని టెన్షన్. అలా వెళ్లాలనుకున్న దారులు సగం మానేశాను. ఎక్కడికైనా వెళ్లొచ్చని కొన్న బండి నన్ను తారు రోడ్డుకే కట్టేసింది.

అందుకే బరువు గురించి కాస్త ఎక్కువ సేపు మాట్లాడతాను. కదులుతున్న బండికి బరువు తెలియదు. గంటకు 40 కిలోమీటర్లు దాటాక 170 కిలోల బండీ 250 కిలోల బండీ రెండూ తమంతట తామే నిలబడతాయి. తేడా అంతా ఆపినప్పుడు, మళ్లించినప్పుడు, నెట్టినప్పుడు బయటపడుతుంది. టెస్ట్ రైడ్‌లో మనం చేయని పనులు సరిగ్గా ఇవే. కాగితం మీద అంకెల్ని కూడా జాగ్రత్తగా చూడండి. డ్రై వెయిట్ అని రాస్తే అందులో పెట్రోలు ఉండదు, ఇంజిన్ ఆయిల్, కూలెంట్ కూడా ఉండకపోవచ్చు. ఒక లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. 20 లీటర్ల ట్యాంకు నిండితే అదే 15 కిలోలు, అదీ బండి పైభాగంలో చేరే బరువు. రెండు బండ్లను పోల్చేటప్పుడు అన్నీ నింపిన బరువుతోనే పోల్చాలి.

సీటు ఎత్తు అంకె కూడా సగమే చెబుతుంది. సీటు ముందుభాగం వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకు పోయి, 800 మిల్లీమీటర్ల సీటు మీద కూడా మడమలు లేస్తాయి. సన్నగా ఉంటే 830 మీద హాయిగా ఆనతాయి. రెండు పాదాలూ పూర్తిగా ఆనాలని నేను పట్టుబట్టను. సన్నని, తేలికైన బండికి ఒక్క కాలు గట్టిగా ఆనితే చాలు. బరువు పెరిగేకొద్దీ ఈ మినహాయింపు తగ్గిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. మీకు ఎలాంటి బండి కావాలి? దీనికి జవాబు మీ దగ్గరే ఉంది, కాకపోతే మనసును అడిగితే రాదు. గడిచిన ఏడాదిలో మీరు నడిపిన ప్రయాణాల్ని ఒక కాగితం మీద రాయండి. ఎన్ని కిలోమీటర్లు, ఎలాంటి రోడ్డు, వెనక ఎవరైనా కూర్చున్నారా, ఎంత వేగం, రాత్రా పగలా. నేను పెట్రోలు పోయించిన ప్రతిసారీ కిలోమీటర్లు రాసుకునే అలవాటున్నవాణ్ని. ఆ పుస్తకం ఐదో బండి కొనకముందు తిరగేయలేదు, కొన్న తర్వాత తిరగేశాను. నూటికి ఎనభై కిలోమీటర్లు ఒంటరిగా, తారు రోడ్డు మీద, రెండు గంటలు మించని ప్రయాణాలే. నేను కొన్నది మిగతా ఇరవై కోసం. దాంతోపాటు ఇంకా చేయని ప్రయాణాల కోసం. కల కోసం బండి కొనకూడదని అనడం లేదు. ఆ కలకు ఒక తేదీ, ఒక దారి ఉంటే తప్పకుండా కొనండి. ఎప్పుడో ఒకప్పుడు అనుకునే ప్రయాణమైతే, ఆ పది రోజులకూ బండి అద్దెకు తీసుకోవడం మేలు.

ఇంకో మాట. ఇప్పుడున్న బండి మీద విసుగు సరిగ్గా ఎక్కడ పుడుతోందో పట్టుకోండి. గంటన్నర తర్వాత నడుం నొప్పా? హ్యాండిల్‌లో వణుకా? ఎగుడుదిగుడు దారిలో వెనక చక్రం ఎగరడమా? వీటిలో చాలా వాటికి కొత్త బండి అక్కర్లేదు. సీటు, హ్యాండిల్ ఎత్తు, స్ప్రింగు మారిస్తే తీరేవే. అలాంటివన్నీ సర్దుకున్నాక కూడా మిగిలిన విసుగు ఉంటుంది చూశారా, తర్వాతి బండి ఎలా ఉండాలో చెప్పేది అదే.

ఇంజిన్ గురించి మాట్లాడితే అందరూ హార్స్‌పవర్ దగ్గర మొదలుపెడతారు. పవర్ అంటే టార్క్‌ను, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, అది తిరిగే వేగంతో గుణించగా వచ్చేది. కంపెనీ చెప్పే అంకె ఎక్కడో 10,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఉంటే, రోజూ 4,000, 5,000 మధ్య నడిపేవాడికి ఆ అంకెతో ఏం పని? మీ చేయి రోజులో ఎక్కువ సేపు ఏ ఆర్‌పీఎం దగ్గర ఉంటుందో ఒక వారం గమనించండి. కొత్త బండి టార్క్ గ్రాఫ్‌లో సరిగ్గా ఆ చోటే చూడండి. పక్కపక్కన రెండు సిలిండర్లున్న మధ్యస్థాయి బండ్లు ఇవాళ ఇన్ని కనిపిస్తున్నాయంటే ఒక కారణం ఇదే. 1995లో యమహా సంస్థ తన టీఆర్‌ఎక్స్850లో క్రాంక్‌ను, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసును, 270 డిగ్రీల కోణంలో పెట్టింది. రెండు సిలిండర్లూ సమాన దూరంలో కాకుండా ఒకటి వెంట ఒకటి పేలి, తర్వాత కాస్త విరామం వస్తుంది. రెండు సిలిండర్లు వీ ఆకారంలో ఉండే వీ-ట్విన్ ఇంజిన్‌లోని ఆ దరువు, వెనక చక్రం రోడ్డును పట్టుకుంటున్న ఆ స్పష్టత తక్కువ చోటులో పట్టే ఈ ఇంజిన్‌లోనూ దొరుకుతాయి. యమహా ఎంటీ-07, రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్స్ రెండింటిలోనూ ఉన్నది ఈ పద్ధతే. ఇలాంటిది చదివి తెలుసుకుంటే సరిపోదు, నడిపి తీరాలి. కొందరికి నాలుగు సిలిండర్ల నున్నదనమే ప్రాణం. అదీ సరైన కారణమే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. 1981లో అమెరికాలో హర్ట్ రిపోర్ట్ అనే అధ్యయనం వెలువడింది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాల్ని జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. అందులో ఒక అంశం నన్ను నిద్రపోనివ్వలేదు. ప్రమాదానికి గురైన రైడర్లకు రోడ్డు మీద సగటున దాదాపు మూడేళ్ల అనుభవం ఉంది. అయినా వాళ్లలో సగం మందికి పైగా, పడిన ఆ బండి మీద నడిపింది ఐదు నెలలు కూడా లేదు. పాత లెక్క, ఒకే ప్రాంతం లెక్క, నిజమే. బండ్లు మారాయి, బ్రేకులు మారాయి. కానీ మన చేతులు మారలేదు. పదేళ్లలో చేతికి అలవాటైన బ్రేకు నొక్కుడు పాత బండిది. క్లచ్ పట్టుకునే చోటు, వంగడానికి హ్యాండిల్ మీద పెట్టే ఒత్తిడి, అన్నీ పాత బండివే. ఎదుట ఏదో అడ్డం వచ్చిన ఆ అర సెకనులో చేయి పాత బండినే నడుపుతుంది. కింద ఉన్నది కొత్త బండి.

కాబట్టి కొత్త బండి తెచ్చిన మొదటి వారమే ఖాళీ మైదానానికి వెళ్లండి. 30 దగ్గర మొదలుపెట్టి 60 వరకు, గట్టిగా బ్రేకు వేసి ఆపడం సాధన చేయండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉంటే అది పని చేసేదాకా నొక్కి, లీవర్ వేళ్ల కింద ఎలా కొట్టుకుంటుందో తెలుసుకోండి. మొదటిసారి ఆ కొట్టుకోవడం ప్రమాదంలో తెలిస్తే భయపడి బ్రేకు వదిలేసేవాళ్లున్నారు. మొదటి కొన్ని నెలలు వాన రాత్రులూ, వెనక మనిషినీ వీలైనంత తగ్గించండి. నేను ఆరో బండికి ఇదంతా చేశాను, ఒక్క రోజు కూడా వృథా అనిపించలేదు.

ఎలక్ట్రానిక్స్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రంగుల తెర, ఐదు రకాల రైడింగ్ మోడ్‌లు, ఫోన్‌కు కలపడం, వీటి కోసం నేను బండి మార్చను. మలుపులో పనిచేసే ఏబీఎస్ కోసం మాత్రం మారుస్తాను. 1988లో బీఎండబ్ల్యూ కే100లో వచ్చిన మొదటి ఏబీఎస్, బండి నిటారుగా ఉన్నప్పుడే పూర్తిగా కాపాడేది. 2013లో బాష్ సంస్థ తయారుచేసిన వ్యవస్థ కేటీఎం 1190 అడ్వెంచర్‌లో వచ్చింది. బండి ఎంత వంగి ఉందో సెన్సర్ కొలిచి, దాన్ని బట్టి బ్రేకు ఒత్తిడిని సర్దుతుంది. మలుపు మధ్యలో అనుకోకుండా బ్రేకు నొక్కాల్సిన పరిస్థితి మనందరికీ ఒక్కసారైనా వచ్చే ఉంటుంది.

వెనక మనిషినీ సామాన్నీ వేసుకుని వెళ్లేవాళ్లు బండి మోయగల మొత్తం బరువు ఎంతో తప్పక చూడాలి. అనుమతించిన గరిష్ఠ బరువులోంచి అన్నీ నింపిన బండి బరువు తీసేస్తే మిగిలేదే అది. పెద్ద బండి కాబట్టి ఎంతైనా మోస్తుందనుకుంటాం. ఇద్దరు మనుషులు, మూడు పెట్టెలు, రైడింగ్ జాకెట్లు, బూట్లు కలిపి తూచి చూస్తే హద్దు దాటేసి ఉంటుంది. సస్పెన్షన్‌ను కూడా మీ బరువుకు సర్దించుకోండి. చక్రం గాల్లో ఉన్నప్పుడూ, మీరు సీటు మీద కూర్చున్నప్పుడూ కొలిచిన ఎత్తుల మధ్య తేడా రోడ్డు బండ్లకు 30 నుంచి 40 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకు మించి దిగుతుంటే స్ప్రింగు మీకు మెత్తన.

సర్వీసు గురించి రెండే మాటలు. వాల్వ్ క్లియరెన్స్ (ఇంజిన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని ఖాళీ) ఎన్ని కిలోమీటర్లకు చూడాలో, అది చూడటానికి ఏమేం విప్పాలో కొనకముందే అడగండి. పాత బండి కొనేవాళ్లయితే టైరు పక్కన ఉండే నాలుగంకెలు చూడండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1021 అంటే 2021లో పదో వారం. టైరు గాళ్లు ఎంత లోతుగా ఉన్నా, ఆరేడేళ్లు దాటిన రబ్బరు మీద వంగొద్దు.

టెస్ట్ రైడ్‌కు వెళ్తే గంటైనా ఇమ్మని అడగండి. మీ బూట్లతో, మీ జాకెట్‌తో వెళ్లండి. వెనక కూర్చునే మనిషి ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి, ఆ సీటు గురించి మాట్లాడాల్సింది వాళ్లే. హైవే చివర్లో చూసుకోవచ్చు. ముందు నడక వేగంతో పూర్తిగా మలుపు తిప్పండి. వాలులో ఆపి మళ్లీ బయల్దేరండి. ఇంజిన్ ఆపి, కిందకు దిగి నెట్టండి.

నా ఆరో బండి బయట చెట్టు కింద ఉంది. అన్నీ నింపితే 190 కిలోలు. కావాలంటే రండి, సైడ్ స్టాండ్ తీసి ఓ పది అడుగులు వెనక్కి నెట్టి చూడండి. అక్కడ నేల కాస్త వాలుగా ఉంది, పక్కన నేను నిలబడతాను.