హైపో అన్నారా, హైపర్ అన్నారా?

(నర్సింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులు వార్డు డ్యూటీలకు వెళ్లే ముందు చేసిన ప్రసంగం)

పిల్లలూ, అందరికీ నమస్కారం.

వచ్చే వారం నుంచి మీరు వార్డుల్లోకి వెళ్తున్నారు. బీపీ చూడడం, ఇంజెక్షన్ చేయడం, బెడ్ సర్దడం ఇప్పటికే నేర్చుకున్నారు. ఈ పూట నేను రెండు చిన్న మాటల గురించే మాట్లాడతాను. హైపో, హైపర్. ఇవి వేరే పదం ముందు వచ్చి చేరతాయి. రక్తంలో షుగర్ గురించి చెప్పే రెండు పదాలు చూడండి: హైపోగ్లైసీమియా, హైపర్‌గ్లైసీమియా. కేస్ షీట్‌లో ఆ రెండింటికీ తేడా ఒకటి రెండు అక్షరాలే. డాక్టరుగారు ఫోన్‌లో గబగబా చెబితే ఆ ‘ర్’ వినపడనే వినపడదు. కానీ ఒకదానికి చేయాల్సిన వైద్యం రెండోదానికి చేస్తే పేషెంట్ ప్రాణం మీదికి వస్తుంది.

మీలో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు. ఈ పదాలు చూడగానే టెన్షన్ పడుతున్నారని నాకు తెలుసు. పడాల్సిన పని లేదు. ఇవి గ్రీకు నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాటలు. గ్రీకుకీ సంస్కృతానికీ పాత చుట్టరికం ఉంది. గ్రీకువాళ్ల హైపర్, మన ‘ఉపరి’ ఒకే వేరు నుంచి పుట్టాయి. హైపో, మన ‘ఉప’ కూడా అంతే. ఉపరితలం అంటే పైభాగం. ఉపముఖ్యమంత్రి అంటే ముఖ్యమంత్రి కింద ఉండేవారు. ఉపరి, హైపర్: పైన, ఎక్కువ. ఉప, హైపో: కింద, తక్కువ. బడిలో చదువుకున్న మాటలే కాబట్టి ఇక మర్చిపోరు.

మీ చేతిలో ఉండే సూదినే చూడండి. దాన్ని హైపోడెర్మిక్ సూది అంటారు. డెర్మా అంటే చర్మం. చర్మం కిందికి వెళ్లే సూది అన్నమాట. ఇన్సులిన్ ఇచ్చేటప్పుడు పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి, కండరంలోకి దిగకుండా, చర్మం కింద ఉన్న కొవ్వులోకి ఇస్తారు కదా, ఆ ‘కింద’ అన్నదే హైపో. పదో తరగతి లెక్కల్లో కర్ణం ఉంది కదా, దాని ఇంగ్లిష్ పేరు హైపోటెన్యూస్‌లో ఉన్నది కూడా ఈ హైపోనే.

ఇక షుగర్ సంగతికి వద్దాం. మీరు అన్నింటికంటే ఎక్కువసార్లు చూడబోయేది ఇదే.

ఒక నైట్ డ్యూటీ ఊహించుకోండి. ఒక పెద్దాయన సాయంత్రం ఇన్సులిన్ తీసుకున్నారు. అన్నం సహించక రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశారు. రాత్రి రెండింటికి చొక్కా తడిసిపోయేలా చెమటలు, చేతులు వణుకు, మాట పొంతన లేదు, కూతురు పట్టుకోబోతే తోసేస్తున్నారు. ఆ అమ్మాయి మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, “సిస్టర్, నాన్నకి షుగర్ ఎక్కువైనట్టుంది, ఆ ఇంజెక్షన్ ఇంకోటి వేస్తారా?” అంటుంది. ఆమె తప్పేం లేదు. మన ఇళ్లలో షుగర్ అంటే పెరిగే జబ్బే. ఏం జరిగినా షుగర్ పెరిగిందనే అనుకుంటారు.

మీరు మొదట చేయాల్సింది గ్లూకోమీటర్ పట్టుకెళ్లి వేలి చివర చుక్క రక్తం తీయడం, అదే సమయంలో డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సును పిలవడం. 70 కంటే తక్కువ వస్తే అది హైపోగ్లైసీమియా. 54 కంటే తక్కువైతే మెదడుకు గ్లూకోజ్ చాలడం లేదని అర్థం. ఆయన మాట పొంతన లేకుండా పోయింది అందుకే. తెలివిలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు నాలుగు టీస్పూన్లు, నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. పెరిగాక ఇడ్లీయో బిస్కెట్లో ఏదో ఒకటి తినిపించాలి, లేకపోతే మళ్లీ పడిపోతుంది. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు నరంలోకి గ్లూకోజ్ ద్రావణం, అంటే డెక్స్‌ట్రోజ్ ఇస్తారు. ఆ సీసా మీ వార్డులో ఏ అలమరలో ఉందో మొదటి రోజే చూసి పెట్టుకోండి.

హైపర్ ఇలా ఉన్నట్టుండి వచ్చేది కాదు. గంటల తరబడి, రోజుల తరబడి పెరుగుతుంది. దాహం, మాటిమాటికీ మూత్రం, ఎండిపోయిన నాలుక, నీరసం. ముదిరితే వాంతులు, కడుపునొప్పి, ఊపిరి లోతుగా వేగంగా ఆడడం, నోటి నుంచి పండు వాసన. దీనికి సెలైన్, ఇన్సులిన్. ఇన్సులిన్ అక్కడ ప్రాణం పోస్తుంది, రాత్రి రెండింటికి ఆ పెద్దాయన విషయంలో ప్రాణం తీస్తుంది. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లెవరికైనా ఆ పెద్దాయనకు అయినట్టు అయి, చూసేందుకు మీటర్ లేకపోతే తక్కువే అనుకుని, మింగగలిగితే చక్కెర ఇవ్వండి. మూడు వందలున్న షుగర్ ఇంకొంచెం పెరిగితే ఆ పది నిమిషాల్లో కొంప మునగదు. నలభై ఉన్నది ఇంకా పడితే మనిషి దక్కకపోవచ్చు.

ఈ ప్రమాదం ఇన్సులిన్‌తో పాటే పుట్టింది. 1921, 22లో టొరంటోలో ఆ మందును తయారు చేస్తున్నప్పుడు కుందేళ్ల మీద పరీక్షించారు. మోతాదు ఎక్కువైన కుందేళ్లు ఫిట్స్‌తో పడిపోయాయి, గ్లూకోజ్ ఇవ్వగానే లేచాయి. అంటే హైపో ఏమిటో, దానికి విరుగుడు ఏమిటో అప్పుడే తెలిసిపోయింది. వందేళ్లు దాటాక కూడా మనం ఈ రెండు మాటల దగ్గర తడబడకూడదని నా తపన.

థైరాయిడ్ దగ్గర చిక్కు ఇంకో రకంది. ఒకావిడ వచ్చి, “నాకు థైరాయిడ్ ఎక్కువుందండీ, పన్నెండు ఉంది” అంటుంది. రిపోర్టులో ఆ అంకె పక్కన ఎక్కువ అని గుర్తు కూడా ఉంటుంది. మీరు హైపర్‌థైరాయిడ్ అని రాసేస్తారు. కానీ ఆవిడకు ఉన్నది హైపో! ఆ పన్నెండు టీఎస్‌హెచ్. అది థైరాయిడ్ గ్రంథి హార్మోన్ కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆర్డరు. కింద పని సరిగా జరగకపోతే పైనున్నవాళ్లు గొంతు పెంచుతారు కదా, అలాగే థైరాయిడ్ తక్కువ పనిచేస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అరుదైన కేసులు కొన్ని వేరుగా ఉంటాయి, వాటి సంగతి మూడో సంవత్సరంలో చదువుకుంటారు.

అందుకే అంకె ఒక్కటే అడగకండి. ఏ మాత్ర వేసుకుంటున్నారో చూపించమనండి. పొద్దున్నే పరగడుపున వేసుకునే థైరాక్సిన్ అయితే సాధారణంగా హైపో. కార్బిమజోల్ అయితే హైపర్. బరువు పెరగడం, చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం ఒకవైపు. తింటున్నా చిక్కిపోవడం, ఉక్కపోత, గుండెదడ, చేతుల వణుకు రెండోవైపు. మనిషిని చూస్తేనే సగం తెలిసిపోతుంది.

ఉష్ణోగ్రత గురించి ఒక్క మాట. 95 ఫారెన్‌హీట్ కంటే తగ్గితే హైపోథర్మియా, కప్పి వెచ్చబెట్టాలి. మే నెలలో మన దగ్గర వడదెబ్బతో 104 దాటి, మాట తడబడుతూ వచ్చేవాళ్లది హైపర్‌థర్మియా, బట్టలు వదులు చేసి తడిపి చల్లబరచాలి. ఈ రెండూ చెయ్యి వేస్తేనే తెలుస్తాయి కాబట్టి పొరపాటు తక్కువ.

పొటాషియం అలా కాదు. చెయ్యి వేసి చూస్తే తెలియదు, ల్యాబ్ చెబితేనే తెలుస్తుంది. మామూలుగా 3.5 నుంచి 5 వరకు ఉండాలి. తగ్గితే హైపోకెలీమియా, దానికి కేసీఎల్, అంటే పొటాషియం క్లోరైడ్ ఇస్తారు. పెరిగితే హైపర్‌కెలీమియా. దానికి కేసీఎల్ ఇస్తే గుండె ఆగిపోతుంది. హైపో ఉన్నవాళ్లకైనా కేసీఎల్ ఆంప్యూల్‌ను (మందున్న చిన్న గాజు సీసాను) నేరుగా నరంలోకి ఎక్కించకూడదు, సెలైన్‌లో కలిపి నెమ్మదిగా మాత్రమే ఎక్కించాలి. ఇలాంటి గాఢమైన ద్రావణాల మీద కట్టుదిట్టమైన అదుపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. ఆంప్యూల్స్ చూడడానికి ఒకేలా ఉంటాయి. పేరు చదవకుండా ఏదీ పగలగొట్టకండి.

ఫోన్‌లో ఆర్డర్ వచ్చినప్పుడు ఏం చేయాలో చెబుతాను. ముందు రాసుకోండి. రాసుకున్నది తిరిగి చదివి వినిపించండి. “సర్, హైపోకెలీమియా అన్నారు, పొటాషియం తక్కువ, 2.8, కరెక్టేనా?” అని అడగండి. ఇంగ్లిష్ పదం ఒక్కటే చెప్పి వదలొద్దు. దాని వెంట తక్కువ అనో ఎక్కువ అనో, ఆ వెంట అంకె, ఈ మూడూ ఉండాలి. అవి ఒకదానికొకటి పొసగకపోతే అక్కడే ఆగిపోండి. పెద్ద డాక్టరుగారు విసుక్కుంటారని భయపడొద్దు. డ్యూటీ మారేటప్పుడు కూడా అంతే. “ఆరో బెడ్ హైపో” అని చెప్పి వెళ్లిపోతే వచ్చినవాళ్లకు ఏం తెలుస్తుంది? షుగరా, బీపీనా, పొటాషియమా? “ఆరో బెడ్, రాత్రి రెండింటికి షుగర్ తగ్గి 48, చక్కెర ఇచ్చాం, రెండుంపావుకి 92” అని చెప్పాలి.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు డాక్టరు, ఒకరు సిస్టర్. బోర్డు మీద రాసిన పదాల్లో ఒకటి డాక్టరు గబగబా చెప్పాలి, సిస్టర్ రాసుకుని తెలుగులో, అంకెతో సహా తిరిగి చెప్పాలి. వెనక బెంచీల నుంచి మొదలుపెడదాం.