శుక్లం ముదరాలా? ముంజకాయ పట్టుకొని చెప్త

[చేతిలో పైన చెక్కిన తాటికాయ. కెమెరా దగ్గరికి.]

నమస్తే. పొద్దుగాల హన్మకొండల రోడ్డు పక్కన ఒక అక్క దగ్గర డజను ముంజలు తెచ్చిన. అందరూ ఒక్కటే మాట: "అక్కా, లేతయి ఇయ్యి." ముదిరింది ఒక్కటి పడ్డా కొట్లాటే. గదే మనుషులు నేను పనిచేసే అద్దాల షాపుకొచ్చి ఏమంటరు? "శుక్లం ఉందట బిడ్డా, ఇంకా ముదరలే. ముదిరినంక ఆపరేషన్ చేపిచ్చుకుంట." ముంజ లేతది కావాలె, కంట్ల ముంజ మాత్రం ముదరాలె! 2018ల మన తెలంగాణ సర్కారు పెట్టిన కంటి వెలుగు క్యాంపుల శుక్లం ఉందని చెప్తే, ఇప్పటిదాక ముదరబెడ్తున్నోళ్లు ఉన్నరు.

ముందుగాల ఒకటి. మనం "పొర వచ్చింది" అంటం గని, అది పొర కాదు. కంటి మీద ఏదీ కమ్ముకోదు. నల్లగుడ్డు నడుమ ఉండే రంధ్రం ఎనుక, చిన్న సంచిల ఒక లెన్స్ ఉంటది. పుట్టినప్పుడు అచ్చం ఈ లేత ముంజ లెక్క, అవతలి వెలుతురు ఇవతలికి కనిపించేటట్టు. [ముంజను లైటుకు అడ్డం పెట్టి చూపు.] దాని నడిమి భాగం మనం అమ్మ కడుపుల ఉన్నప్పుడు తయారైంది. చర్మం మారుతది, వెంట్రుకలు మారుతయి, అది మాత్రం మారదు. డెబ్బై ఏండ్లు అదే ముంజ. అందులున్న ప్రోటీన్లు మెల్లమెల్లగ ఒకదానికొకటి అతుక్కొని తెల్లబడుతయి, పసుపెక్కుతయి, గట్టిపడుతయి. గదే శుక్లం. షుగరున్నోళ్లకు, బీడీలు తాగేటోళ్లకు, మోకాళ్ల నొప్పులని ఏండ్లకేండ్లు స్టెరాయిడ్ గోలీలు మింగేటోళ్లకు ఇంకింత తొందరగ. ముదిరిన ముంజను ఏ నీళ్లల్ల నానబెడితే లేతగైతది? అట్లనే శుక్లాన్ని కరిగించే చుక్కల మందు లేదు. అమ్మేటోళ్లున్నరు, వాళ్ల సంగతి ఇంకో వీడియోల.

ఒక పెద్దాయన పరకాల నుంచి వచ్చిండు, మస్తు ఖుషీగ. "బిడ్డా, అద్దాలు తీసేసి పేపరు చదువుతున్న. మళ్ల పడుసుదనం వచ్చింది." పెద్దయ్యా, అది పడుసుదనం కాదు. లెన్స్ నడుమ గట్టిపడితే దాని పవరు మారి, కొన్నాళ్లు దగ్గరిచూపు బాగైనట్టు అనిపిస్తది. దూరం చూపు పోతనే ఉంటది. "బస్సు బోర్డు చదువుతవా?" అంటే సప్పుడు చేయలే.

మరి "ముదరాలె" అన్న మాట ఏడికెల్లి వచ్చింది? మన ముసలోళ్లు తెలివితక్కువోళ్లేం కాదు. అప్పట్ల లెన్స్ తీసేటోళ్లు గని, దాని జాగల ఏం పెట్టకపోయేటోళ్లు. తర్వాత ప్లస్ పది దగ్గర సోడబుడ్డి అద్దాలు. గిసుంటి చూపు కోసం కన్ను కోపిచ్చుకునుడు ఎందుకు, పూర్తిగ కనబడనప్పుడు చూద్దాం అనుకునుడు సబబే.

1949ల లండన్‌ల హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టర్ ఆ లెక్క మార్చిండు. యుద్ధ విమానాల అద్దం పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కండ్లల్ల ఇరుక్కున్నా కన్ను వాటితోని గొడవ పెట్టుకోలేదని చూసి, అదే రకం ప్లాస్టిక్‌తోని లెన్స్ చేపిచ్చి కంట్ల పెట్టిండు. నాకైతే ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

ఇగ ఆపరేషన్. చిన్నప్పుడు ముంజ ఎట్ల తిన్నం? కాయ పగలగొట్టకుండ బొటనవేలు పొడిచి, లోపలిది తోడుకొని తిన్నం. [వేలితో తోడి చూపు.] గుంత గట్లనే మిగిలింది సూడు. డాక్టర్లు గదే చేస్తరు. రెండున్నర మిల్లీమీటర్ల కంత పెట్టి, సంచి ముందుభాగంల గుండ్రంగ తెరిచి, సెకనుకు సుమారు 40 వేల సార్లు అదిరే సన్నని మొనతోని ముంజను ముక్కలు చేసి పీల్చేస్తరు. గది అల్ట్రాసౌండు, లేజర్ కాదు. "లేజర్ ఆపరేషన్ అయింది" అంటే నాకు ఒళ్లు మండుతది! 1967ల చార్లెస్ కెల్మన్ అనే అమెరికా కంటి డాక్టరు దీన్ని మొదలుపెట్టిండు, పండ్ల డాక్టరు పాచి తీసే మిషను చూసి. ఖాళీ అయిన గుంతల మడతపెట్టిన కొత్త లెన్స్ పోతది, గొంగడి లెక్క విప్పుకుంటది. కుట్లు చాలామందికి అక్కర పడవు.

ఇప్పుడు ముదిరిన ముంజ సంగతి ఆలోచించు. వేలు దిగదు. అదిరే మొనకు ఎక్కువ జోరు కావాలె, ఆ దెబ్బ ముందున్న కార్నియాకు, అంటే నల్లగుడ్డు మీద అద్దం లెక్క ఉండే పొరకు, తగులుతది. లేదంటే ఆరేడు మిల్లీమీటర్ల కోత. మరీ ముదిరితే లెన్స్ ఉబ్బి, కారి, కంట్ల ప్రెషరు పెరిగి నరం దెబ్బతింటది. నరం పోతే ఆ చూపు మళ్ల రాదు.

టైము అయిపోతుంది, జల్దీ జల్దీ చెప్త. రాత్రి బండి లైట్లు చిమ్మినా, మెట్లు తెలవకున్నా, మీ పని ఆగినా చేపిచ్చుకోండి, గంతే లెక్క. ముందు కన్ను పొడుగు కొలిచి లెన్స్ పవరు తేలుస్తరు, షుగరు చూస్తరు. రెండు కండ్లూ ఒకేసారి కాదు మామూలుగ. తర్వాత కన్ను నలుపొద్దు, తలస్నానం డాక్టరు చెప్పినంక, చుక్కలు కొన్ని వారాలు. సగంల ఆపొద్దు.

ఆఖరుగ, "మళ్ల పొర వచ్చింది" అని నెలలకో ఏండ్లకో కొంతమంది వస్తరు. శుక్లం మళ్ల రాదు, ముంజ లేదు కదా. మిగిలిన గుంత ఎనుక గోడ మసకబారుతది. దానికి మళ్ల కోతలు లేవు, కొన్ని నిమిషాల పని. దీన్ని మాత్రం లేజర్ అనుండ్రి, నేను ఒప్పుకుంట.