డెబియన్ 13లో మిర్రర్ మార్చుకోవడం అవసరమా? మూడు పద్ధతులపై నా రివ్యూ

నమస్కారం. 2025 ఆగస్టులో ట్రిక్సీ అనే పేరుతో విడుదలైన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 13లో, అప్‌డేట్లు తెచ్చుకునే ఏర్పాటును మూడు రకాలుగా మార్చి చూశాను. మొదటిది డెబియన్ వారి సొంత చిరునామా డెబ్.డెబియన్.ఆర్గ్, రెండవది మన దేశంలోనే ఉన్న ఒక మిర్రర్, అంటే డెబియన్ ఫైళ్ళ నకలును ఉంచే సర్వర్, మూడవది ఇంట్లోని పాత కంప్యూటర్‌లో నడిపే, దింపిన ఫైళ్ళను దాచి ఉంచే ప్రోగ్రామ్ ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ.

ముందుగా స్క్రీన్ మీద ఉన్న సోర్సెస్ ఫైలును గమనించండి. ప్యాకేజీలను తెచ్చి ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ అనే ప్రోగ్రామ్‌కు, వాటిని ఎక్కడి నుంచి తేవాలో చెప్పేది ఇదే. పూర్వం ఒక్కో రిపాజిటరీకి, అంటే ప్యాకేజీల నిల్వకు, ఒక పొడవాటి వరుస రాసేవాళ్ళం. ఇప్పుడు అదే సమాచారం టైప్స్, యూఆర్ఐస్, సూట్స్, కాంపొనెంట్స్, సైన్డ్-బై అనే అయిదు వరుసలుగా విడివడి, చదవడానికి తేలికగా ఉంటుంది. మీ దగ్గర పాత రూపమే ఉంటే, ఆప్ట్ మోడర్నైజ్-సోర్సెస్ అనే కమాండ్ దానిని కొత్త రూపంలోకి మారుస్తుంది. వైఫై ఫర్మ్‌వేర్ కావలసినవారు కాంపొనెంట్స్‌లో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ ఉన్నదో లేదో చూసుకోవాలి.

సర్వర్ చిరునామా ఉండే యూఆర్ఐస్ వరుసలో గోప్యత ఉన్న హెచ్‌టీటీపీఎస్ కాకుండా ఉత్త హెచ్‌టీటీపీ కనిపించగానే చాలామంది కంగారు పడతారు. ఇక్కడ ఆప్ట్ నమ్మేది సర్వర్‌ను కాదు, సంతకాన్ని. ఇన్‌రిలీజ్ అనే ఫైలు మీద డెబియన్ వారి సంతకం ఉంటుంది. ఆ ఫైలులో ప్యాకేజీల జాబితాల హ్యాష్‌లు (ఫైలులోని విషయం నుంచి లెక్కగట్టిన గుర్తింపు కోడ్‌లు), ఆ జాబితాలలో ఒక్కొక్క డెబ్ ఫైలు, అంటే ప్యాకేజీ, హ్యాష్ ఉంటాయి కనుక, దారిలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా ఆప్ట్ ఆ ఫైలును తిరస్కరిస్తుంది. ఆ సంతకాన్ని ఏ తాళంచెవితో సరిచూడాలో చెప్పేదే సైన్డ్-బై వరుస. బయటి సాఫ్ట్‌వేర్ రిపాజిటరీని చేర్చేటప్పుడు దాని తాళంచెవిని దాని సోర్సెస్ ఫైలులోనే ఇలా చూపితే, అది ఆ ఒక్క రిపాజిటరీకే పరిమితమవుతుంది. ఆప్ట్-కీతో తాళంచెవులన్నీ ఒకే గుత్తిలో వేయమనే పాత ట్యుటోరియల్స్‌ను ఇక పక్కన పెట్టండి. డెబియన్ 13లో ఆ కమాండే లేదు.

సంతకం వల్ల కల్తీ బయటపడుతుంది గానీ, ఆలస్యం వెంటనే బయటపడదు. నేను పెట్టుకున్న మిర్రర్ వేగానికి వంక పెట్టనక్కరలేదు. అయితే 2025 సెప్టెంబరు 6న 13.1 అనే సవరణల విడుదల వచ్చిన మూడు రోజుల తరువాత కూడా, ఆప్ట్ అప్‌డేట్ నడిపితే ప్యాకేజీలన్నీ తాజాగానే ఉన్నాయని చెబుతూనే ఉంది. ఈటీసీలోని డెబియన్_వెర్షన్ ఫైలు తెరిస్తే మాత్రం 13.0 అనే ఉంది. తీరా చూస్తే ఆ మిర్రర్ కొత్త ఫైళ్ళను తెచ్చుకోవడం ఆగిపోయింది. కాబట్టి మిర్రర్‌ను ఎంచుకునే ముందు వేగం కొలవడంతో సరిపెట్టకుండా, అందులోని ప్రాజెక్ట్, ట్రేస్ అనే డైరెక్టరీలోకి వెళ్ళి, చివరిసారి ఎప్పుడు సింక్ అయిందో చూడండి. డెబియన్ ప్రధాన ఆర్కైవ్ రోజుకు నాలుగుసార్లు నవీకరింపబడుతుంది కనుక, అక్కడ రెండు రోజుల కిందటి తేదీ కనిపిస్తే ఆ మిర్రర్‌ను వదిలేయడమే మేలు. మిర్రర్ ఏదైనా సరే, భద్రతా అప్‌డేట్లు వచ్చే ట్రిక్సీ-సెక్యూరిటీకి మాత్రం సెక్యూరిటీ.డెబియన్.ఆర్గ్‌నే ఉంచండి.

డెబ్.డెబియన్.ఆర్గ్ గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. దాని వెనుక సీడీఎన్, అంటే పలుచోట్ల సర్వర్లున్న పంపిణీ వ్యవస్థ, ఉంది కాబట్టి మనకు దగ్గరి సర్వర్ నుంచే ఫైళ్ళు వస్తాయి, మిర్రర్ ఆరోగ్యం చూసుకునే బాధ్యత మనకు ఉండదు. ఒకటి రెండు కంప్యూటర్లు ఉన్నవారు దీనిని మార్చకండి.

నాకు నిజంగా నచ్చినది మూడవది. ఇంట్లో నాలుగు మెషీన్లు ఉన్నప్పుడు ఒకే కెర్నల్ ప్యాకేజీని నాలుగుసార్లు దింపుకోవడం డేటా దండగ. ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ 3142 పోర్టులో నడుస్తూ, మొదటి మెషీన్ అడిగిన ఫైలును దాచి ఉంచి, మిగిలినవాటికి ఇంట్లో నుంచే అందిస్తుంది. మిగతా మెషీన్లలో ఆప్ట్ ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) సెట్టింగ్‌గా ఒకే ఒక వరుస చేర్చాను, అంతే. యూఆర్ఐస్‌లో హెచ్‌టీటీపీఎస్ పెట్టి ఉంటే మాత్రం మామూలు అమరికలో అది ఆ ఫైళ్ళను దాచలేదు. ఇందాక మిమ్మల్ని కంగారు పెట్టిన హెచ్‌టీటీపీ ఇక్కడ పనికొస్తుంది. ఆ పాత కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు ఏ మెషీన్‌కూ అప్‌డేట్లు రావు. లాప్‌టాప్‌ను ప్రయాణాలకు తీసుకెళ్ళేవారు దానిలో ఆ ప్రాక్సీ వరుస పెట్టకపోవడమే మంచిది.